డబ్బాల్లో ముప్పై బిస్కెట్లు

ఏమండీ,

కూర వేడి చేసుకోండి. అమ్మాయి బడి నుంచి నాలుగింటికి వస్తుంది. రేపే దాని లెక్కల పరీక్ష. నిన్న మీరు 3x, 2y కలిపితే 5xy అని ధీమాగా నేర్పారు. నేను కాదంటే, "నాన్న ఇంజనీరమ్మా, నీకు తెలీదు" అంది.

బల్ల మీద మూడు చిన్న డబ్బాల్లో రెండేసి, రెండు పెద్ద డబ్బాల్లో మూడేసి బిస్కెట్లు పెట్టాను. చిన్న డబ్బాలో ఉన్నన్ని x, పెద్ద డబ్బాలో ఉన్నన్ని y. మీ లెక్కన మొత్తం ముప్పై ఉండాలి. అమ్మాయి ముందే లెక్కపెట్టండి. పన్నెండుకు మించి ఒక్కటి దొరికినా అన్నీ మీకే. దొరక్కపోతే, 3x + 2y ని అలాగే వదిలేయాలని, తప్పు మీదేనని మీ నోటితోనే చెప్పండి.

మరిచాను, డిగ్రీలో నావి లెక్కలే. ఆ సంగతీ మీరే చెప్పండి. నేను చెబితే నమ్మదు.