తువ్వాలు కింద చెప్పిన ధర

ఆదివారం

కోడిపుంజు బొమ్మ ఉన్న పాత ఫ్రెంచి కాసు ఫోన్‌లో జరిగిన వేలంపాటలో నాకే దక్కింది. సంతోషం మాత్రం లేదు.

పేరు కనపడని ఒకడు నా మీద పాట పెంచుతూనే వచ్చాడు. నేను మనసులో అనుకున్న ధరకు ఒక్క మెట్టు కింద ఆగిపోయాడు. పోయినసారి వెండి కాసుకీ ఇలాగే ఆగాడు. అప్పుడు నా అదృష్టం అనుకున్నాను. రెండుసార్లూ అలాగే ఆగాడంటే, వాడు ధర పెంచడానికి అమ్మేవాడు పెట్టిన మనిషే. కానీ నా ధర వాడికెలా తెలిసింది?

నోటితో నేనెవరికీ చెప్పలేదు. నాలాగే కాసులు పోగేసే సత్తిబాబు గారు టీ కొట్టు దగ్గర అడిగితే, ఒకప్పుడు పశువుల సంతలో ఇద్దరం చేసినట్టే, తువ్వాలు కప్పి ఆయన చేతిలో వేళ్ళు పెట్టి నా ధర చెప్పాను. రెండుసార్లూ ఆయనొక్కడికే.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు.

"కొట్టేశారు కదండీ పుంజుని! ఎంతకి తెగిందేంటి?"

"మీకు తెలీదేంటండీ?" అన్నాను.

ఆయన నవ్వారు. "భలేవారండీ, నేనేమన్నా పాటలో ఉన్నానా?"

ఉన్నారని నేను అనలేదు.

నా అనుమానం తప్పయితే బాగుండును. గట్టిగా అడిగేస్తే ఆ మనిషి నాకు దూరమైపోతాడు. ఇంట్లోవాళ్ళకి నాదంతా చిల్లర పిచ్చి. కాసు చేతికిస్తే కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసేది ఊరు మొత్తమ్మీద ఆయనొక్కడే.

కాసు వచ్చిన రోజు చూపించమని చెయ్యి చాపుతారు. ఆ చేతిలోనే పెట్టాలి. ఇంకెవరికి చూపించను?