కొండ మీద చింతపండు ఉండలు

అత్తయ్యా,

నిన్న కొలరాడోలో కొండ మీంచి కిందికి మారథాన్ పరిగెత్తాను. పూర్తి చేశాను! "దిగడమేగా, అదేం గొప్ప?" అంటారు మీరు. ఆ సంగతి నా మోకాళ్ళని అడగాలి.

కొండంతా పసుపు కుమ్మరించినట్టు, ఆకులు పండిన ఆస్పెన్ చెట్లు. కానీ అంత ఎత్తులో గాలి చాలదు. సగం దూరంలో కడుపులో తిప్పింది. నడుముకి కట్టుకున్న సంచీలోంచి జిప్‌లాక్ కవరు తీశాను. ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడల్లా మీరు నా నోట్లో పెట్టే చింతపండు ఉండలే. మీరు పోయాక మొదటిసారి నేనే మీ రోట్లో దంచాను. ఉప్పు ఎక్కువైంది. చెమటలు కక్కుతున్న మనిషికి అదే అమృతం.

దారి పక్కన ఒక అమెరికన్ అమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. "మా అత్తగారి మందు, ట్రై చెయ్యి" అని ఒకటిచ్చాను. మొహం చిట్లించి చప్పరించింది. కాసేపటికి లేచింది.

చివర్లో నన్నే దాటేసింది అత్తయ్యా! దాటుతూ వెనక్కి తిరిగి, "ఇంకోటి ఉందా?" అని అరిచింది.

మెడల్ నేను ఉంచుకోలేదు. మీరు ఇండియా నుంచి సూట్‌కేస్‌లో మోసుకొచ్చిన రోలుకి వేశాను.

మీ కోడలు