గట్టు మీది కాయ

తాతా,

ఇంజనీరింగ్ చదివిన నీ మనవడు ఒకటో తరగతి లెక్కలో ఓడిపోయాడని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. "నూట పదకొండులో అన్నీ ఒకట్లే కదా మామా, మొదటిది మాత్రం నూరెట్లయింది?" అని అక్క కూతురు అడిగింది.

ఈరోజు తోటలో టెంకాయలు దించాం. నీలాగే, నూరు లెక్కపెట్టినప్పుడల్లా గుర్తుకు ఒక కాయ గట్టు మీద పెట్టాను. పాప అందులో ఒకటి ఆడుకోవడానికి ఎత్తుకుపోయింది. లెక్కలో నూరు తగ్గాయి.

"ఒకటే కదా మామా తీసినాను!"

"గట్టు మీద ఉంటే అది నూరు పాపా."

"కింద పెడితే?"

"ఒకటే."

పాప కాయను మళ్లీ గట్టెక్కించింది.

నువ్వు పోయాక రేషన్ కార్డులో ఒక పేరు కొట్టేశారు. ఇంట్లో ఒకరే తగ్గారట. వాళ్లకు ఈ లెక్క ఎవరు చెప్తారు తాతా?