ఇరవై మీటర్ల మిషను గురించీ, నాకున్న నాలుగు వస్తువుల గురించీ

కుష్‌కయా ఊళ్ళో ఉండే రాసిం కొడుకు దుర్సున్ అనే నేను, పదహారేళ్ళు నిండినవాణ్ణి, తెలివిలో ఉండి రాస్తున్న వీలునామా ఇది. జ్వరం లేదు. ఏమీ తాగలేదు. పొద్దున రెండు రొట్టెలు తిన్నాను. ఎనిమిదో ఎక్కం మనసులో చెప్పుకుంటే ఒక్క చోట కూడా తప్పు పోలేదు. కాబట్టి మతి బాగానే ఉంది.

దీని తర్వాత "ఎవరి బలవంతమూ లేకుండా" అని రాయాలట. కోర్టు మెట్ల దగ్గర అర్జీలు టైపు కొట్టే ముసలాయనకి ఫోన్ చేస్తే చెప్పాడు. ఆ ముక్క నేను రాయడం లేదు.

పదిహేనేళ్ళు దాటితే రాయొచ్చు గానీ సొంత చేత్తో రాయాలి అని కూడా అన్నాడు. "ఫోన్లో కొడితే చెల్లదు బాబూ. అయినా నీకేం ఆస్తులున్నాయిరా, పంచడానికి?" అని నవ్వాడు. నా చేతిరాత నాకే అర్థం కాదు. బడి ఆరో తరగతితో సరి. అందుకని ఇంట్లోవాళ్ళందరూ ఉన్న గ్రూపులోనే కొడుతున్నాను. చెల్లకపోతే చెల్లకపోనీ, మీరు చదివితే చాలు.

రేపు పొద్దున నన్ను గొయ్యిలోకి దింపుతారు. అందుకే ఇదంతా. నోటితో చెప్పబోతే నాకు మాట రాదు, మీ అందరికీ తెలుసు.

1. నా పదకొండు పావురాలూ మా చెల్లి గుల్‌సెరెన్‌కి. దానికి తొమ్మిదేళ్ళే కానీ వాటిని నాకంటే బాగా చూస్తుంది. కుంటిదానికి విడిగా గింజలు వెయ్యాలి, లేకపోతే మిగతావి దాన్ని తిననివ్వవు. పెదనాన్న నల్లకోడిని గొయ్యి అంచు మీద కోశాడు కదా, రేపు ఇంకేదైనా కొయ్యాలని పావురం అడిగితే ఇవ్వొద్దు. ఎవరడిగినా సరే. ఇది చెల్లికి నా ఆజ్ఞ అనుకోండి. ఆజ్ఞలు వెయ్యడం నాకిదే మొదటిసారి.

2. రబ్బరు బూట్లు. ఇవి నావి కావు, మా పెదనాన్న కొడుకు తయ్యార్‌వి. నిన్న పెదనాన్న తెచ్చి నా ముందు పెట్టి, "తొడిగి చూడరా, నీ కాలికి పడతాయి" అన్నాడు. పట్టాయి. అయినా ఇవి పెద్దమ్మకి చెందుతాయి. రేపు నా కాళ్ళకే ఉంటాయి కాబట్టి, నన్ను పైకి తీశాక విప్పి, కడిగి, ఆమెకి ఇవ్వాలి. బురదతో ఇవ్వొద్దు. తయ్యార్‌కి ఇంట్లోకి బురద తెచ్చే అలవాటు లేదు.

3. అమ్మ పెళ్ళికి పెట్టిన పావు బంగారు నాణెం, ఎర్ర రిబ్బనుతో సహా, గుల్‌సెరెన్‌కే. నాన్నా, మార్చిలో ఆ బంగారం వెతికే మిషను కొనడానికి నువ్వు అమ్మ పెట్టెంతా తిరగేసి, "ఎలకలు బంగారం కూడా తింటాయా ఏంటి" అన్నావే, ఆ నాణెం నేనే తీశాను. అమ్మ పోయి ఐదేళ్ళు, చెల్లికి ఆమెది ఇంకేమీ మిగల్లేదు. ఎక్కడ దాచానో నానమ్మకి మాత్రమే తెలుసు.

మిషను కొన్న రోజు అది నా మేజోడులో ఉంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీనివల్లే.

ఆ రోజు పట్నం దుకాణానికి నలుగురం వెళ్ళాం. నువ్వు, పెదనాన్న, తయ్యార్, నేను. బల్ల మీద మూడు మిషన్లు. ఒకదానికి కింద గుండ్రటి పళ్ళెం. ఇంకోదానికి పొడుగు కర్ర, రెండు చివర్లా రెండు పెట్టెలు. మూడోది మఖ్‌మల్ గుడ్డ పరిచిన సూట్‌కేసులో, పిడికి రెండు తీగలు, చేత్తో పట్టుకుంటే ఊగుతాయి. దుకాణంవాడు మొదటి రెండూ పక్కకి తోసి, "మామా, అవి పిల్లలాడుకోడానికి. ఇది ఇరవై మీటర్లు చూస్తుంది. మీ ఊరి కొండకి ఎక్స్‌రే తీసినట్టే" అన్నాడు.

పెట్టెల మిషను ఎంత లోతు చూస్తుందని నువ్వడిగావు. కుండంత వస్తువైతే రెండు మూడు మీటర్లు అన్నాడు. పెదనాన్న చెయ్యి విదిలించాడు. "మూడు మీటర్లలో ఉన్నదంతా మా తాతలే తవ్వుకుపోయారు. మిగిలిందంతా లోతుదే. మాకు లోతు మిషను కావాలి."

మన ఊళ్ళో అందరూ అలాగే అంటారు. పైన లేదంటే కింద ఉన్నట్టే అని. ఏమీ లేకపోవచ్చు అనేవాడు ఒక్కడూ లేడు.

దుకాణంవాడు తీగలు పట్టుకుని నడిచి చూపించాడు. నా పక్కనుంచి రెండుసార్లు పోయాడు. నా కాలి దగ్గర బంగారముంది. తీగలు కదల్లేదు. పోయి పోయి ఇనప పొయ్యి వైపు తిరిగాయి. "చూశారా, ఆ గోడ అవతల నగల కొట్టుంది!" అన్నాడు వాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. వాడు మణికట్టు వంచడం నేను చూశాను.

అప్పుడు నువ్వు నన్నడిగావు. "ఏరా, రోజంతా ఫోన్లో ఇవే చూస్తుంటావుగా. ఏది తీసుకుందాం?"

అందరూ నా వైపు తిరిగారు. చెవులు కాలిపోయాయి. మేజోడు విప్పి నాణెం నేల మీద పెట్టి, "దీన్ని పట్టమను" అంటే అయిపోయేది. కానీ నాణెం బయటపడితే నువ్వు దాన్ని అమ్మేస్తావు. నలుగురిలో నోరు తెరవాలంటే భయం కూడా. "మీ ఇష్టం" అన్నాను. పెదనాన్న నా వీపు మీద చరిచి, "వీడూ మన పక్షమే" అన్నాడు. అమ్మిన మూడు ఆవులూ ఆ సూట్‌కేసులోకి పోయాయి.

బస్సులో తయ్యార్ నా చెవి దగ్గరికి వంగి అడిగాడు. "నిజం చెప్పరా, మంచిదేనా?" మంచిదే అన్నాను. వాడు నామీద నమ్మకంతోనే గొయ్యిలోకి దిగాడు.

4. మిషను మీద నాకు హక్కు లేదు. అయినా దాని గురించి నాకు తెలిసింది ఈ ఇంటికి రాసిస్తున్నాను. ఈ ఇంట్లో మళ్ళీ ఎవరైనా మిషను కొనబోతే, ఎంత లోతు చూస్తుందని అడగొద్దు. ఏ సైజు వస్తువుని ఎంత లోతులో చూస్తుందని అడగండి. దుకాణంవాడు తన పెరట్లో పాతిన కుండ మీద నడిపిస్తే నమ్మొద్దు. మీ వస్తువు మీరే పాతండి, ఎక్కడో వాడికి చెప్పకండి. పళ్ళెం ఉన్నది నాణేన్ని జానెడు లోతులో పడితే అది మంచి మిషనే. పెట్టెలున్నది చిల్లర వస్తువుల్ని వదిలేస్తుంది, బిందె అంతది అయితే పడుతుంది, దానికీ ఒక హద్దుంది. హద్దు లేదన్నవాడు దొంగ. ఇనుము దగ్గరా బంగారం దగ్గరా ఒకేలా ఊగేది మిషను కాదు, పట్టుకున్నవాడి ఆశ.

మనది శిథిలమైన చర్చి వెనక వాలు మీద ఊగింది. ఆరు మీటర్లు తవ్వినా ఏమీ లేదు. పెదనాన్న ఫోన్ చేస్తే దుకాణంవాడు, "ఇంకాస్త కిందకి మామా, బరువు కదా, బంగారం దిగుతూ ఉంటుంది" అన్నాడు. అలా తొమ్మిదికి వచ్చాం.

5. తయ్యార్ ఎలా పోయాడో నిజం ఇక్కడ రాస్తున్నాను. బావి పూడిక తీస్తుంటే కళ్ళు తిరిగి పడ్డాడని జెండార్మ్ పోలీసులకి చెప్పాం. నేనూ తల ఊపాను. అది అబద్ధం.

తొమ్మిది మీటర్ల దగ్గర నీళ్ళొచ్చాయి. మోటారు పైన పెడితే అంత లోతు నుంచి లాగలేదు. అందుకని పెట్రోలు మోటారుని తాళ్ళతో దింపి, ఏడు మీటర్ల దగ్గర అడ్డంగా పలకలు వేసి వాటిమీద పెట్టి నడిపాం. అరగంట తర్వాత గొట్టం మడత పడింది. తయ్యార్ దిగాడు. గిలక దగ్గర నేనున్నాను. కిందనుంచి, "దుర్సున్, లాగకు, కాసేపు కూర్చుంటాను, కాళ్ళు లాగేస్తున్నాయి" అన్నాడు. పెదనాన్న గొయ్యిలోకి వంగి, "కూర్చోడానికి దిగారా దొరగారు! టీ పంపించమంటారా?" అని అరిచాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

పైకి తీసేసరికి వాడి ముఖం ఎర్రగా ఉంది. నలుగురూ చూస్తే నా ముఖం ఎలా ఎర్రబడుతుందో అలా. బతికే ఉన్నాడనుకున్నాం.

అది మోటారు పొగ. వాసన లేకుండా కూడా చంపుతుంది, ఫోన్లో చదివాను. వాడు పోయిన ఏడో రోజు, వాడి పేరున హల్వా పంచే దగ్గర అతి కష్టం మీద ఒక్క మాట అన్నాను, "పొగ" అని. నాన్నా, నువ్వేమన్నావు? "నోరు లేని గొయ్యి కాదురా అది, పైకి తెరిచే ఉంది. పొయ్యి ముందు కూర్చునే మీ నానమ్మ ఎన్నిసార్లు చచ్చింది?" అన్నావు. పెదనాన్న హల్వా గిన్నె చేతిలో పట్టుకుని అన్నాడు, "నిధికి కాపలా ఉన్నది ప్రాణం అడుగుతుందని పెద్దలు ఊరికే అనలేదు. కోడితో సరిపెట్టుకోలేదు. అడిగింది తీసుకుంది. ఇక దారి వదలాలి." ఆ తర్వాత అందరూ నా భుజాల వైపు చూశారు. కింద గొయ్యి ఇరుకైంది. "వీడు సన్నగా ఉంటాడు, దూరతాడు" అన్నావు నువ్వు.

మోటారు ఇంకా ఆ పలకల మీదే ఉంది. రేపు నీళ్ళు తోడాలంటే మళ్ళీ నడపాలి.

కాబట్టి నేను పైకి రాకపోతే, కాపలా తీసుకుందని చెప్పొద్దు. మోటారు అని చెప్పండి. జెండార్మ్‌లకీ అదే చెప్పండి. నా తర్వాత దిగేంత సన్నగా ఉన్నది మన ఇంట్లో ఇంకొకరే, ఆమెకి తొమ్మిదేళ్ళు.

6. కింద ఏదైనా దొరికితే నాకూ వాటా ఉందన్నారు. ఆ వాటా పాతిపెట్టినవాళ్ళకి. నానమ్మని అడిగాను, వందేళ్ళ కిందట ఆ చర్చి అర్మేనియా వాళ్ళని ఊళ్ళోంచి తరిమేశారు కదా, వెళ్ళేటప్పుడు వాళ్ళు నిజంగా బంగారం దాచారా అని. నానమ్మ వాళ్ళమ్మ అదంతా చూసిందట. "ఏం దాస్తార్రా? చేతిలో రొట్టెతో, చంకలో బిడ్డతో నడిచి పోయారు. పాతిపెట్టింది ఆ బిడ్డల్నే, దారి పొడుగునా" అంది. చర్చి వెనక వాలులో ఎముకలొస్తే తిరిగి కప్పెయ్యండి.

7. పెదనాన్న ఎక్రెమ్‌కి. కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. అయినా పొద్దున్నే నువ్వు రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి చల్లారేదాకా చూసి పారబోస్తావు. అది నేను చూశాను. ఇప్పుడాగితే కొడుకు ఊరికే పోయినట్టవుతుందని ఆగలేకపోతున్నావు. పెదనాన్నా, వాడు ఊరికే పోయాడు. దానికి నా మౌనం కూడా కారణం. ఇంకెంత తవ్వినా ఆ మాట మారదు.

నా ఫోన్లో తయ్యార్ గొంతు పద్నాలుగు సెకన్లుంది. నా పావురాల్ని తిడుతూ నవ్వుతుంటాడు. ఫోన్ నీకే. షరతు లేదు.

8. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత పెద్దమ్మ హనీఫెకి అప్పగిస్తున్నాను. తయ్యార్ పోయిన రోజు నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడదు. రోజూ మధ్యాహ్నం ఒడి నిండా మట్టి తెచ్చి గొయ్యిలో పోసి వెళ్ళిపోతుంది. మీరు తల దించుకుని నిలబడి, ఆమె వెళ్ళాక ఆ మట్టిని బకెట్‌తో తోడేస్తారు. ఇకనుంచి తోడొద్దు. ఆమె పోసింది పోసినట్టు ఉండనివ్వండి, మీరూ తలో పార పట్టండి. గొయ్యి నిండేదాకా ఆమె మాటే చెల్లుతుంది.

నాకు తోచింది ఇంతే. నా పేరు మీద ఇంకేమీ లేదు.

తేదీ: 2019 అక్టోబరు 23, బుధవారం, మధ్యాహ్నం.

సంతకం: దుర్సున్. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, నేనైనా ఆగాలని, "ఆగనీ" అని అర్థమొచ్చే ఈ పేరు పెట్టారట.

సాక్షులు ఇద్దరుండాలని అర్జీల ముసలాయన చెప్పాడు.

మొదటి సాక్షి: నానమ్మ దుదు. ఆమెకి చదవడం రాదు కాబట్టి మొదటినుంచీ చదివి వినిపించాను. రొట్టెల పిండి కలుపుతూ వింది. రెండుసార్లు కలపడం ఆపింది. చివరికి, "ఇది నీ నోటితో చెప్పొచ్చు కదరా నా తండ్రీ" అని, పిండి వేలితో ఫోన్ తెర మీద ముద్ర వేసింది.

రెండో సాక్షి: మా నాన్న రాసిం. నాన్నా, ఇంకెవర్నైనా పెట్టుకోవచ్చు గానీ నువ్వే కావాలి. చదివానని, నా కొడుకు పొగ సంగతి తెలిసే దిగుతున్నాడని, నాకూ తెలుసని, ఈ గ్రూపులో అందరూ చూసేలా కింద నీ పేరు నువ్వే కొట్టాలి. రాత్రి భోజనాల దాకా చూస్తాను. నీ పేరు కనిపిస్తే పొద్దున్నే గిలక దగ్గరికి వస్తాను, నడుముకి తాడు నేనే కట్టుకుంటాను. కనిపించకపోతే రాను. తిట్టినా రాను, కొట్టినా రాను.

పేరు: