ఊదారంగు చూద్దామని

అమ్మాయీ,

నీ ప్రయోగం చెడింది నీ చేతకానితనం వల్ల కాదు. గడ్డకట్టించిన ఆల్కహాల్‌కి రేడియేషన్ తగిలితే అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడిపడి, ఆ గడ్డలోనే చిక్కుకుపోతాయనీ, ఊదారంగు వాటిదేననీ మురిసిపోతూ చెప్పావు కదా. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు, ఆ రంగు చూద్దామని చీపురు పక్కన పడేసి టేబుల్ లైటుని ఆ గడ్డ దగ్గరికి జరిపాను. చూస్తుండగానే రంగంతా పోయింది. వెలుతురుకి ఆ చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడిపోతాయని నాకేం తెలుసు? భయంతో నోరు మెదపలేదు. నువ్వు ఏడుస్తూ చదువే మానేసి వెళ్ళిపోయావు.

నిన్న మీ సారుకి అంతా చెప్పేశాను. "అయ్యో, ఆ పిల్లని అన్నేసి మాటలన్నానే!" అని తల పట్టుకున్నారు.

ఆ లైటు చీపుళ్ళ గదిలో పెట్టి తాళం వేశాను. వచ్చెయ్ తల్లీ. ఆ రంగు నేనింకా సరిగ్గా చూడనేలేదు.

మీ ల్యాబ్ ఊడ్చే పెద్దమ్మ