సంతలో నా గొంతు

ఏమండీ,

నా వంకర రాతనూ తప్పులనూ మన్నించండి, బడికి వెళ్ళింది కొన్నేళ్ళే కదా. చర్చి పాటల మెమరీ కార్డు చివర మీకోసం రెండు మాటలు రికార్డు చేసి, ఓడలో పనిచేసే ఫియూ చేత మీరున్న హోనియారాకు పంపాను. దారిలో అతను ఎప్పటిలాగే పాటలన్నీ తన ఫోన్లోకి ఎక్కించుకుని, అడిగినవాళ్ళందరికీ పంచాడట. నా మాటలూ వాటితోపాటే వెళ్ళాయి.

నిన్న మన ఔకీ సంతలో, వక్కల కొట్టు స్పీకర్లో పాట అయిపోగానే నా గొంతే వినిపించింది: "చిలగడదుంపలు ఒక్కదాన్నే తినలేకపోతున్నాను, త్వరగా రండి." తల ఎత్తలేకపోయాను.

"దుంపలు మేం తినిపెడతాంలే పిల్లా," అని చేపలమ్మేవాళ్ళు ఒకటే నవ్వు. అత్తయ్య తిడతారనుకున్నాను. ఆవిడేమో, "సంతంతా పిలుస్తుంటే నా కొడుకు రాడేం? ఈ వారమే ఓడ ఎక్కమని రాయి," అన్నారు.

అందుకే రాస్తున్నాను, రండి. చదవగానే దీన్ని కాల్చెయ్యండి. కాగితమైతే ఒక్కటే ఉంటుంది.