గార్డుల వరసలో మా అన్న

మార్చి 10, మంగళవారం. ఉదయం 7:10

ఈ రోజు నుంచి అబద్ధం బంద్.

డ్రాఫ్ట్‌కి నలభై నాలుగు రోజులుంది. ముప్పై రెండు ప్రొఫెషనల్ జట్లు వంతులేసుకుని, మూడు రోజుల్లో ఏడు రౌండ్లుగా, హెల్మెట్లు పెట్టుకుని ఆడే మన కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్ళని ఏరుకుంటాయి. ఆ లోపల దేశంలో కోటు తొడుక్కున్న ప్రతివాడూ ఎవడు ఎన్నోవాడో జాబితా రాసేస్తాడు. ఒకడు రాస్తాడు, తొమ్మిదిమంది కాపీ కొడతారు. ఆట చూసేవాడు లేడు. లైబ్రరీలో కింది అరలో దొరికిన కరపత్రాలు పదకొండు చదివాను. శ్రమని కొలిచే హక్కు శ్రమ తెలిసినవాడిదేనని అన్నిట్లోనూ ఉంది. టైర్ల షాపులో రోజుకి ఎనభై టైర్లు ఎత్తేవాణ్ణి, నాకు కాక ఇంకెవరికి?

ప్రజల జాబితా. నియమాలు:

పదకొండు స్థానాలు. స్థానానికి నలభై మంది.
ఒక్కొక్కడివి మూడు పూర్తి ఆటలు, నా కళ్ళతో.
కాపీ లేదు.
మన ఊరు, మన రక్తం అనే మాట లేదు. మా అన్న గార్లండ్‌తో సహా.

మార్చి 11, బుధవారం. మధ్యాహ్నం 2:20, లైబ్రరీ

అందరూ క్వార్టర్‌బ్యాక్‌తో మొదలుపెడతారు. నేను గార్డుతో. క్వార్టర్‌బ్యాక్ గని యజమాని, గార్డు గనిలో దిగేవాడు. గార్డు బంతి ముట్టడు. మూడొందల పౌండ్ల బరువున్న మనిషి మీదికొస్తుంటే ఛాతీ అడ్డుపెట్టి ఆపుతాడు. వాడి వెనక క్వార్టర్‌బ్యాక్ జుట్టు చెదరకుండా బంతి విసిరి టీవీకి పళ్ళు చూపిస్తాడు. నా జాబితాలో క్వార్టర్‌బ్యాక్ చివరి పేజీ. చిన్న అక్షరాలు.

ఈ రోజు ఇక్కడి కంప్యూటర్లో మొదటి గార్డుది ఒక ఆట పూర్తి. అద్భుతంగా ఉంది!

మార్చి 13, శుక్రవారం

లెక్క వేశాను. నాలుగొందల నలభై మంది. ఒక్కొక్కడివి మూడు ఆటలు. ఆటకి మూడు గంటలు. మొత్తం 3,960 గంటలు. డ్రాఫ్ట్‌కి మిగిలినవి 984, నిద్రతో కలిపి.

కంగారు లేదు. చూడాల్సిన ఒక్కణ్ణే చూసి మిగతాది ముందుకి జరిపితే ఆట పావుగంటలో అయిపోతుంది. ఇది నియమం సడలించడం కాదు. వృథాని తొలగించడం.

మార్చి 15, ఆదివారం. భోజనాల తర్వాత

గార్లండ్ కాలేజీ నుంచి ఇంటికొచ్చాడు. వాడు ఎడమ గార్డు. మొక్కజొన్న రొట్టెలో సగం ఒక్కడే తిని, నన్ను వాకిట్లోకి పిలిచాడు.

మా హైస్కూల్ కోచ్ హోబర్ట్ వాడికి ఉద్యోగం ఇస్తానన్నాడట. పిల్లలకి వ్యాయామం నేర్పాలి, జట్టులో గార్డులుండే ముందు వరసకి కోచ్‌గా ఉండాలి. వాడికి నచ్చిన పనే. కానీ డ్రాఫ్ట్ అయ్యాక వచ్చే సోమవారం, ఏప్రిల్ 27కి, అవునో కాదో చెప్పేయాలి. కోచ్ అంతకంటే ఆగడు. ఆట వైపు వెళ్ళాలా, స్కూలు వైపు వెళ్ళాలా అన్నది వాడికి తేలడం లేదు.

"ఊళ్ళో అందరూ నన్ను మొదటి రోజే ఎత్తుకుపోతారంటున్నారు. అమ్మ సరేసరి. నువ్వు జాబితా రాస్తున్నావటగా. నన్నెక్కడ పెడతావో చూసి అప్పుడు ఆలోచిస్తా."

నేనే ఎందుకని అడిగాను.

"నీ నోట్లోంచి ఇప్పటిదాకా ఎవరికీ మంచిమాట రాలేదు కదరా."

ఇంత గొప్ప ప్రశంస నాకు జన్మలో దక్కలేదు. నియమాలన్నిటికింద రెండేసి గీతలు కొట్టాను.

మార్చి 20, శుక్రవారం. సాయంత్రం 5:40

గార్డులు పూర్తి. నలభై ఒక్కమంది. (ఒకణ్ణి వదలబుద్ధి కాలేదు.) అన్నని చివరికి ఉంచాను. మూడు ఆటలు చూశాను. మళ్ళీ మూడూ చూశాను.

గట్టివాడు. భయం లేదు. కానీ ఎడమ కాలు అరక్షణం ఆలస్యం. ఆట ఆఖరి భాగానికి అలిసిపోయి నడుం పైకి లేస్తుంది. నడుం లేచిన గార్డుని ఎవడైనా తోసేస్తాడు.

పంతొమ్మిది.

పెన్నుతో రాశాను. పెన్సిల్‌తో రాసేవాళ్ళంటే నాకు గౌరవం లేదు.

మార్చి 21, శనివారం

అమ్మ నోటుపుస్తకం చూసింది. ఉదయం మెత్తటి రొట్టెల్లాంటి బిస్కట్లు, వాటి మీద పోసే గ్రేవీ అందరికీ పెట్టి నా కంచంలో బిస్కట్లు మాత్రమే పెట్టింది. గ్రేవీ ఏదని అడిగితే, వరసలో నాది పంతొమ్మిదో వంతని, అందాకా మిగలలేదని చెప్పింది.

పాలకవర్గాల ఒత్తిడికి లొంగను. అయినా పెన్సిల్ ఒకటి దగ్గర ఉంచుకోవడంలో తప్పులేదు.

మార్చి 26, గురువారం. అన్న కాలేజీ మైదానం

జట్లు పంపిన పరిశీలకులు, అంటే స్కౌట్ల ముందు కుర్రాళ్ళు పరీక్షలిచ్చే రోజు. టోపీలు పెట్టుకున్న స్కౌట్లు ఏడుగురు. అరచేతి పొడవు, మోచెయ్యి, ఎత్తు అన్నీ సంతలో గేదెల్ని చూసినట్టు కొలిచారు. రక్తం ఉడికిపోయింది. లేచి గట్టిగా ఒక మాట అందామనుకున్నాను. ఈలోగా నలభై గజాల పరుగు మొదలైంది.

కమ్మీ అవతల మా ఊరివాళ్ళు ముప్పై మంది, ఎవరి స్టాప్‌వాచీ వాళ్ళే తెచ్చుకున్నారు. పరుగెత్తేవాడి చెయ్యి గడ్డి మీంచి లేవగానే నొక్కాలి, గీత దాటగానే ఆపాలి. నియమం ఇంతే.

మంగలి వర్జిల్ వాచీలో 4.98 సెకన్లు. అమ్మ వాచీలో 4.62. అమ్మ చూడలేక కళ్ళు మూసుకుని ముప్పై అయిదో గజం దగ్గరే ఆపేసింది. నాది 5.11.

స్కౌట్ల కాగితంలో 5.34.

చెయ్యి లేవడం నేను చూశాను. బొటనవేలు మాత్రం మొదటి అడుగు పడ్డాకే నొక్కింది. పదకొండు కరపత్రాలు చదివింది నేను, బొటనవేలు కాదు.

జాబితాలో 5.11 రాశాను. స్కౌట్లు యజమానుల మనుషులు కాబట్టి.

మార్చి 27, శుక్రవారం

5.11 పరిగెత్తేవాడు పంతొమ్మిదోవాడు ఎలా అవుతాడు? శాస్త్రం ఒప్పుకోదు. పదకొండు.

నా కంచంలో గ్రేవీ.

ఏప్రిల్ 4, శనివారం. వర్జిల్ షాపు

ప్రజల జాబితా గురించి జనానికి ఉపన్యాసం ఇచ్చాను. జనం అంటే క్షవరం కోసం కూర్చున్న నలుగురు. వర్జిల్ నన్ను ప్రొఫెసర్‌గారూ అని పిలిచి, టాకిళ్ళు అయ్యాయా, రిసీవర్లు అయ్యారా అని అడిగాడు. జరుగుతున్నాయన్నాను. (గార్డు పక్కన నిలబడే టాకిళ్ళు ఇద్దరు. బంతి అందుకునే రిసీవర్లు సున్నా.) మరి గార్లండ్ సంగతేమిటన్నాడు. నలుగురూ అద్దంలోంచి నన్నే చూస్తున్నారు.

ఆరు అన్నాను. నోరు జారిన అంకెని వెనక్కి తీసుకుంటే ఉద్యమం మీద నమ్మకం పోతుంది. ఇంటికొచ్చి ఆరు చేశాను.

ఏప్రిల్ 11, శనివారం

వర్షం. లైబ్రరీ మూసేశారు. నా తప్పు కాదు.

పెట్రోలు బంకులో డ్రాఫ్ట్ పత్రిక ఒకటి తిరగేశాను, శత్రువు ఏం రాస్తున్నాడో తెలియాలి కదా. రిసీవర్ల వరస చూస్తే నేను చూసి ఉంటే ఎలా రాసేవాణ్ణో సరిగ్గా అలాగే ఉంది. ఎత్తి రాసుకున్నాను. ఎనిమిదోవాణ్ణీ తొమ్మిదోవాణ్ణీ తారుమారు చేశాను, అది నా పరిశోధన.

ఏప్రిల్ 14, మంగళవారం

క్వార్టర్‌బ్యాక్‌లు కూడా పత్రికలోంచే. చిన్న అక్షరాలు మాత్రం నావే.

ఏప్రిల్ 18, శనివారం

లైబ్రరీలో అరవై కాపీలు తీశాను. రెండు పేజీలు, మధ్యలో పిన్ను. నాలుగొందల నలభై మంది ఉండాల్సిన చోట నూట ఆరుగురు. గార్డుల పేజీలో:

1. గార్లండ్ టాకెట్.

ఎలా జరిగిందో చెబుతాను. ఆరు నుంచి నాలుగు చేశాను, ఆ పైవాడి మోకాలు బాగాలేదని విన్నాను కాబట్టి. నాలుగు నుంచి రెండు, ఆదివారం చర్చిలో పాస్టర్‌గారు అన్న కోసం ప్రార్థన చేయించారు కాబట్టి. రెండు రాశాక ఒకటి రాయకపోవడం కక్షలా కనిపిస్తుంది.

అమ్మ ఒక కాపీని ఫ్రిజ్ మీద అంటించింది. అన్నకి ఒకటి పోస్టులో పంపింది.

ఏప్రిల్ 23, గురువారం. మొదటి రౌండ్

ఇల్లంతా జనం. చికెన్, బీన్సు, అన్న పేరు రాసిన కేకు. అన్న పేరు రాలేదు.

ఏప్రిల్ 24, శుక్రవారం. రెండు, మూడు రౌండ్లు

రాలేదు. నా జాబితాలో పదిహేనో గార్డుని రెండో రౌండులోనే తీసుకున్నారు. వర్జిల్ నా వైపు చూశాడు. నేను బీన్సు వైపు చూశాను.

ఏప్రిల్ 25, శనివారం. ఆఖరి రౌండ్లు

అయిపోయింది. మొత్తం పద్నాలుగు మంది గార్డుల్ని తీసుకున్నారు. అన్న లేడు.

సాయంత్రం 6:50కి ఫోను మోగింది. మిగిలిపోయిన కుర్రాళ్ళని పిలిచే ఫోను. ఒక జట్టు అన్నని మే నెలలో మూడు రోజులు వచ్చి ఆడి చూపించమంది. ఒప్పందం లేదు, నచ్చకపోతే నాలుగో రోజు ఇంటికే. అన్న రేపు చెబుతానని పెట్టేశాడు. అమ్మ కేకు కోసింది. ఎవరూ అక్షరాలున్న ముక్క తీసుకోలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం. మధ్యాహ్నం

అన్న పికప్ ట్రక్కు వెనక తలుపు దించి కూర్చున్నాడు. చేతిలో నా జాబితా. పక్కన కూర్చోమన్నాడు.

"మొదట ఎంత వేశావ్?"

యజమానుల కుట్ర గురించి, స్టాప్‌వాచీల రాజకీయం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆగమన్నాడు.

"అంకె చెప్పరా."

"పంతొమ్మిది."

కొడతాడనుకున్నాను. ట్రక్కు దిగి పరిగెత్తడానికి ఏ వైపు ఖాళీగా ఉందో కూడా చూసుకున్నాను.

"పంతొమ్మిదా? నేను ముప్పై అనుకున్నా." కాగితం మడిచాడు. "ఎంతమందిని చూసి?"

నలభై ఒక్కమందిని, ఒక్కొక్కడివి మూడేసి ఆటలు, పావుగంట చొప్పున నిజంగానే చూశానని చెప్పాను. జాబితా మొత్తంలో నేను నిజంగా చేసిన పని ఆ ఒక్క పేజీయే. దాన్నే చెడగొట్టాను.

"పద్నాలుగు మందిని తీసుకున్నారు. అంటే నేను దాటాల్సింది అయిదుగురిని," అన్నాడు. "నువ్వు ఒకటి వేశావు. అది చూసి, వీడికి కూడా నా మీద జాలేసిందంటే పని అయిపోయినట్టేననుకున్నానురా. నిన్న ఆ ఫోన్లో అప్పుడే వద్దని చెప్పబోయాను."

కరపత్రాల్లో దీనికి పేజీ లేదు.

పంతొమ్మిది ఎందుకని అడిగాడు. ఎడమ కాలు ఆలస్యమని చెప్పాను. ఆట ఆఖరి భాగంలో నడుం లేస్తుందని చెప్పాను. తిట్టలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి నన్ను ఎదురుగా నిలబెట్టి, నడుం లేచినప్పుడల్లా అరవమన్నాడు. గంటంబావు. మూడుసార్లు కంచె మీద పడ్డాను. పడుతూ కూడా అరిచాను.

సాయంత్రం అన్న మొదట ఆ జట్టుకి ఫోన్ చేసి వస్తానన్నాడు. తర్వాత కోచ్ హోబర్ట్‌కి. ఉద్యోగం వేరేవాడికి ఇచ్చేస్తానని, ఖాళీగా ఉంచలేనని కోచ్ చెప్పాడట. అలాగే ఇవ్వండి సార్ అన్నాడు అన్న. వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది.

నాలుగో రోజు వాడు ఇంటికొచ్చేస్తే? తెలీదు. దానికి నేను అంకె వేయను.

ఏప్రిల్ 27, సోమవారం. ఉదయం 7:05

వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌కి దాదాపు ఏడాది ఉంది. ఎంత సమయం!

కొత్త నియమాలు: ఒకే స్థానం, గార్డులు. అందరివీ చూడాలి. పెన్సిల్ ఇంట్లో ఉండకూడదు. బొటనవేలికి వాచీ ఇవ్వకూడదు. ఎవరు అడిగినా మొదట రాసిన అంకె మొహం మీద చెప్పాలి.

అదే రోజు, సాయంత్రం 4:30. వర్జిల్ షాపు

కొత్త జాబితా గురించి చెప్పాను. వర్జిల్ సంతోషించాడు. తన మనవడు వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌కి వస్తున్నాడట. కుడి గార్డు. ఎన్నోవాడవుతాడని అడిగాడు.

మూడు ఆటలు చూశాకే చెబుతానని గట్టిగా చెప్పాను.

కత్తెర ఆగింది. సరిగ్గా నా చెవి పక్కన.

భుజాలు మాత్రం మంచివని విన్నానన్నాను.